అభియోగవృత్తాంతమునందలి పాఠభేదములు

ఒక కావ్యమునకుఁ బది తాళపత్రప్రతులు లభించినపుడు పరిష్కర్త మొట్టమొదట విచారింపవలసిన విషయము, ఏ ప్రతి యే ప్రతినుండి పుట్టినది యనునది. తొమ్మిది ప్రతులును బదవదానిని జూచి వ్రాసికొన్నవే యైనచో నవి పది సాక్ష్యములుగా లెక్కకు రావు. అన్నియుఁ గలిసి యొక్క సాక్ష్యమే యగును. సి. పి. బ్రౌను 1829లో వేమన పద్యములను బ్రకటించుటకై బహుప్రతులను సంపాదించి సరిచూపించిన నాఁటినుండి తెలుఁగుదేశమునఁ బాఠపరిష్కరణము శాస్త్రముగా వర్ధిల్లినది. కాని కావ్యములయెడఁ బండితలోకము పాటించు నీ జాగరూకత దినదినము చదువఁబడు వార్తలయెడఁ గానరాదు. కావ్యమునఁ బాఠము తప్పిన నొక పద్యము చెడును. నేరారోపణవృత్తాంతమునఁ బాఠము తప్పిన నొక మనుష్యుని ప్రతిష్ఠ చెడును. మృతులకు లోకము చెల్లింపవలసిన సత్యమును జెడును. అందువలన నట్టి వృత్తాంత మొకదానిని దీసికొని, దాని పాఠభేదములను గ్రంథపరిష్కర్తల మార్గమున విచారించుట యీ వ్యాసమునకు విషయము. ఎవ్వఁడు దోషి యనునది న్యాయస్థానము తేల్పవలసిన సంగతి గాన, ఆ నిర్ణయ మిచ్చటఁ జేయఁబడదు.

విషయస్వరూపము

హైదరాబాదునందు షేక్‌పేట మండలమునఁ జేరిన జూబ్లీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములు తెలుఁగు చలనచిత్రపరిశ్రమకు నివాసస్థానములు. నటుల గృహములును, నిర్మాతల కార్యాలయములును, పెక్కు వార్తాప్రసారసంస్థల కార్యాలయములును నా కొండలమీఁదనే యొండొంటికిఁ జేరువగా నున్నవి. కావున నచ్చట నొక యింటి గుమ్మమునఁ బలుకఁబడిన మాట గడియలోపల దేశమంతయు వ్యాపించును. 2024 డిసెంబరులో నీ ప్రాంతము బహుదినములు సర్వజనుల దృష్టిని ఆకర్షించినది. ఐనను మూలఘటన జరిగినది జూబ్లీహిల్సునఁ గాదు, నగరమధ్యమున, ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ కడ, చిక్కడపల్లి పోలీసుఠాణా పరిధిలోని సంధ్య థియేటరునందు.

ఉభయపక్షములకును సమ్మతమైన యంశములను ముందుగాఁ జెప్పవలెను. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి ‘పుష్ప 2’ చలనచిత్రపు ప్రీమియరు ప్రదర్శనమునకు ప్రజలు సంధ్య థియేటరున గుమిగూడిరి. నటుఁడు అల్లు అర్జున్ అచ్చటికి వచ్చెను. తొక్కిసలాట జరిగెను. ఒక గృహిణి మరణించెను; ఆమె కుమారుఁడు, చిన్న బాలుఁడు, ఊపిరాడక ప్రాణాపాయస్థితిలో నాసుపత్రిఁ జేరెను. కుటుంబమువారి ఫిర్యాదుమీఁద మఱునాఁడు కేసు నమోదయ్యెను. భారతీయ న్యాయసంహితలో హత్య కాని నరవధకు సంబంధించిన 105వ సెక్షనును, 118వ సెక్షను మొదటి యుపవిభాగమును నందుఁ జేర్పఁబడినవి. 8వ తేదీన థియేటరుతో సంబంధముగల మువ్వురును, 13వ తేదీన జూబ్లీహిల్సులోని స్వగృహమున నటుఁడును నిర్బంధింపఁబడిరి. నాంపల్లి న్యాయస్థానము నటునకుఁ బదునాలుగు దినముల రిమాండు విధించెను. ఆనాఁడే తెలంగాణ హైకోర్టు నాలుగు వారముల మధ్యంతర బెయిలు నిచ్చెను. పత్రము కారాగారమునకు సకాలమున నందకపోవుటచే నాతఁ డా రాత్రి చంచల్‌గూడ కారాగారమున గడపి మఱునాఁ డుదయమున వెలువడెను. 2025 జనవరి 3వ తేదీన నాంపల్లి న్యాయస్థానము సాధారణ బెయిలును మంజూరు చేసెను. 2025 డిసెంబరులోఁ బోలీసులు 23 మందిపై నభియోగపత్రము దాఖలు చేసిరి. అందు థియేటరు యాజమాన్యము మొదటి స్థానమునను, నటుఁడు పదునొకండవ స్థానమునను జూపఁబడిరి.

ఇంతవఱకు వివాదము లేదు. ఇఁక నీ యంశముల నడుమఁ గూర్పఁబడిన కథయందే పాఠములు భిన్నించినవి.

నాలుగు పాఠభేదములు

మొదటి భేదము అనుమతినిగూర్చినది. ఘటన జరిగిన మఱునాఁడు పోలీసులు చేసిన ప్రకటనమునందు, నటుఁడు వచ్చునని థియేటరువారు గాని నటుని పరివారము గాని ముందుగాఁ దెలుపలేదని యుండెను. పిదప థియేటరువారు బందోబస్తు కోరుచు డిసెంబరు 2వ తేదీన వ్రాసినట్టి లేఖ యొకటి బహిర్గతమయ్యెను. అంతటఁ బోలీసుల వివరణము మాఱెను: లేఖ కార్యాలయమున నందినమాట నిజమే, అట్టి లేఖలు పెక్కు వచ్చుచుండును, ఈ విషయమున నధికారిని గలిసి విన్నవించినవారు లేరు, ఐనను బందోబస్తు చేసితి మని. డిసెంబరు 21వ తేదీన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభయందు మాటలాడుచు, 3వ తేదీననే పోలీసులు లిఖితపూర్వకముగా ననుమతి నిరాకరించి రని చెప్పెను. ఆనాఁటి సాయంకాలమే నటుఁడు స్వగృహమున విలేకరులను బిలిపించి, పోలీసులే త్రోవ తీయుచుండఁగాఁ జూచితిని గనుక ననుమతి కలదనియే తలఁచితి నని పలికెను. తెలుపలేదు, తెలిపినది చాలదు, తెలిపినను నిరాకరించితిమి, నిరాకరణము నా కెఱుకలేదు: ఇవి నాలుగు వేర్వేఱు వాక్యములు. మొదటిది రెండవదానితోఁ బొసఁగదు. మూఁడవదియు నాలుగవదియు నేకకాలమున సత్యములు గావచ్చును. థియేటరునకుఁ జేరిన నిరాకరణము నటునకుఁ జేరకపోవుట యసంభవము గాదు. వార్తలు చదివినవారిలో నెందఱు దీనిని గుర్తించిరో!

రెండవ భేదము రాకనుగూర్చినది. నటుఁడు మోటారు పైకప్పునుండి లేచి నిలిచి, జనులకుఁ జేతు లూపుచు ఊరేగింపుగా వచ్చె నని శాసనసభలోఁ జెప్పఁబడినది. అది యూరేగింపు కాదు. జనులు త్రోవ యిచ్చుటకై కొంచెము దూరము మాత్రము బయటఁ గనఁబడి చేయి యూపితి నని నటుని మాట. చేయి యూపుట యుభయసమ్మతము. వివాద మంతయు దానికిఁ బెట్టవలసిన పేరునందున్నది. ‘ఊరేగింపు’ అను పద మొక చర్యకుఁ బేరగుటయే కాక దానిపైఁ దీర్పును గూడఁ దనలో నిముడ్చుకొన్నది. అట్టి పదమును విలేకరి తన సొంత వాక్యమున వాడినచోఁ దీర్పును దానే చెప్పినవాఁ డగును.

మూఁడవ భేదము మిక్కిలి గురుతరము; మరణవార్త నటునకు నెప్పుడు తెలిసె ననునది. ముఖ్యమంత్రి చెప్పిన ప్రకారము, పోలీసు అధికారులు విషయము తెలిపినను నటుఁడు కదలలేదు. పై యధికారి గట్టిగాఁ జెప్పిన పిదపనే వెడలెను. మఱునాఁడు నగర పోలీసు కమీషనరు సి. వి. ఆనంద్ దృశ్యఖండములను గూర్చిన వీడియో నొకదానిని బ్రదర్శించెను. అధికారి ముందు నటుని పరివారమునకును, తరువాత స్వయముగా నటునకును దెలిపి రని యాతని పక్షము. నటుఁడో, ఏ పోలీసు అధికారియుఁ దన కట్లు చెప్పలేదనియు, జనసమ్మర్ద మెక్కువైనదని థియేటరువారు కోరఁగా వెడలితి ననియు, మరణవార్త మఱునాఁడే తెలిసిన దనియుఁ బలికెను. ఇచ్చట రెండు పాఠములును గలిసి నిలువవు.

నాలుగవ భేదము కాలక్రమమునకు సంబంధించినది. నటుఁడు వచ్చుటకుఁ బూర్వమే తొక్కిసలాట జరిగిన ట్లర్థము వచ్చునట్లుగాఁ గొన్ని వీడియోలు వ్యాపింపఁగా, అవి తప్పుదారి పట్టించున వనియు, అట్టివానిని బ్రచారము చేయువారిపైఁ జర్య తీసికొందు మనియుఁ బోలీసులు డిసెంబరు 25వ తేదీన హెచ్చరించిరి. పూర్వాపరములు మాఱినచోఁ గార్యకారణములును మాఱును. కావున నీ భేదము చిన్నదిగాఁ గనఁబడినను అభియోగమునకు మూలకందము దీనియందే యున్నది.

సాక్షుల సంఖ్య

పై వృత్తాంతములు శతాధికములైన పత్రికలయందును బ్రసారములయందును వెలువడినవి. వాని సంఖ్యను జూచి, ఇంతమంది వ్రాసిన దసత్యమగునా యని సామాన్యపాఠకుఁడు భ్రమించును. పరిష్కర్త కా భ్రమ తగదు. ఒక్కొక వాక్యమును వెనుకకు నడిపించుకొని పోయినచో శాఖలు మూఁడో నాలుగో మాత్రమే మిగులును: పోలీసులు, థియేటరువారు, నటుఁడు, మృతురాలి కుటుంబము. శాసనసభలో ముఖ్యమంత్రి చెప్పినదియు, మఱునాఁడు కమీషనరు చూపినదియు రెండు స్వతంత్రసాక్ష్యములని తలఁపరాదు. ముఖ్యమంత్రి థియేటరునందున్నవాఁడు కాఁడు. ప్రభుత్వమున కందిన సమాచారమును సభకుఁ దెలిపినవాఁడు. సభయందుఁ బలుకఁబడినందున మాటకు గౌరవము హెచ్చును గాని సాక్షుల సంఖ్య హెచ్చదు.

ప్రతిశాఖకును స్వప్రయోజనము కలదనుటయు మఱవరానిది. నటుఁడు నిందితుఁడు గనుక నాతని మాటలోఁ దన్నుఁ దాను రక్షించుకొను తలంపుండుట సహజము. థియేటరువారును నట్టివారే. కాని పోలీసులును నీ వ్యవహారమునఁ దటస్థులు కారు. జనసమ్మర్దమును నియంత్రించుట వారి విధి. ఆ రాత్రి బందోబస్తు చాలినదా యను ప్రశ్న వారిపైఁ గూడఁ బ్రసరించును. ఈ మాట వారిపై దోషారోపణము కాదు. సాక్షి నిలిచిన చోటును దెలిసికొన్నఁగాని సాక్ష్యమును దూఁచుటకు వీలు లేదనుట మాత్రమే.

దృశ్యములున్నవి గదా, కన్నులారఁ జూచినదానికి సందేహ మేమి యని యొక యాక్షేపము పుట్టవచ్చును. దృశ్యఖండము ప్రత్యక్షము కాదు, ప్రత్యక్షమునకుఁ బ్రతి. కమీషనరు ప్రదర్శించిన వీడియో వార్తాప్రసారసంస్థలనుండియు జనుల చరవాణులనుండియు గ్రహింపఁబడిన ఖండముల కూర్పు. ఖండములు సత్యములు గావచ్చును. వానిని వరుసగాఁ బేర్చుట మాత్రము కూర్పరి పని. ఎవ్వఁ డెన్ని గంటలకు నెచ్చట నుండెనో చిత్రము చూపఁగలదు. చెవిలోఁ జెప్పఁబడిన మాట యేదో, విన్నవానికి దాని యర్థ మెంతవఱకు బోధపడెనో నిశ్శబ్దచిత్రము చూపఁజాలదు. మూఁడవ భేదము సరిగా నా మాటపైననే యాధారపడి యున్నది.

ఆ దినములలో వార్తాహరులకు నధికారులకును నడుమ నెట్టి యుద్రేక ముండెనో తెలుపు సంఘటన మొకటి కలదు. 22వ తేదీనాఁటి సమావేశమున నెడతెగని ప్రశ్నలచే విసిగి, జాతీయ వార్తాసంస్థలు అమ్ముడుపోయిన వని కమీషనరు తొందరపడి పలికెను. మఱునాఁడు బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనెను. మాటను మఱునాఁడే సవరించుకొనుట ప్రశంసనీయము. కాని మొదటి మాట వ్యాపించిన వేగముతో సవరణ వ్యాపింపదు. ఆ 22వ తేదీననే నిరసనకారులు కొందఱు జూబ్లీహిల్సులోని నటుని యింటిపైఁ బడి పూలకుండీలు పగులఁగొట్టిరి. తీర్పు రాకమునుపే దండనమునకుఁ బూనుకొను జనులకు నాయుధము లిచ్చునది యిట్టి తొందరపాటు మాటలే.

ఒక్క పదము మాఱుటవలని ఫలము

నటుఁడు, ముఖ్యమంత్రి, కమీషనరు అను మువ్వురి మాటల నడుమ నాసుపత్రిలోని బాలుని సంగతి వార్తలలో వెనుకఁబడినది. అతనినిగూర్చి వ్రాసిన కొలఁది పంక్తులలోను బాఠము చెడినది. తల్లి వయస్సు 35 సంవత్సరము లని కొన్ని పత్రికలును, 39 అని కొన్నియు వ్రాసినవి. బాలునకు నెనిమిదేండ్లని కొందఱు, తొమ్మిదేండ్లని కొందఱు. ఇది లేఖకప్రమాదముగా నెంచి క్షమింపవచ్చును. క్షమింపరానిది మఱియొకటి కలదు. డిసెంబరు 17వ తేదీనఁ బోలీసు కమీషనరు ఆసుపత్రికిఁ బోయి బాలునిఁ జూచి, ప్రాణవాయువు చాలక మెదడునకు హాని కలిగినదని చెప్పెను. కొన్ని వార్తాసంస్థలు దానిని ‘మెదడు మరణించినది’ అని ప్రకటించినవి.

హానికిని మరణమునకును గల యంతరము వర్ణింపఁ బనిలేదు. వైద్యులయెడ ‘మెదడు మరణము’ అనునది పారిభాషికపదము. 1994వ సంవత్సరపు అవయవమార్పిడి చట్టము ననుసరించి, నలుగురు వైద్యులతోఁ గూడిన మండలి నియతకాలవ్యవధితో రెండుమాఱులు పరీక్షించి ధ్రువపఱచిన పిమ్మటఁగాని యా పదము ప్రయోగింపఁబడరాదు. ప్రయోగింపఁబడిన పిదప నా వ్యక్తి మృతుఁడుగానే పరిగణింపఁబడును. అట్టి పదమును విలేకరి యొకఁడు ‘హాని’ యను మాటకుఁ బర్యాయముగా వాడెను. వారము దినములు గడచునప్పటికే బాలుఁడు స్పందించుచున్నాఁడని తండ్రి చెప్పెను. నెలలతరబడి చికిత్స పొంది, 2025లో బాలుఁ డాసుపత్రినుండి వెలువడి పునరావాసకేంద్రమునకుఁ జేరెను. బ్రతికియున్న బిడ్డను వార్త చంపినది. ఆ మాటను జదివిన బంధువుల దుఃఖ మట్లుండఁగా, అభియోగముయొక్క గురుత్వమును లోకదృష్టిలో నొక్కసారిగా రెండింతలు చేసినదియు నీ పదమే. ఒక మరణ మనుకొన్నచోట రెండని జనులు తలఁచిరి. పాఠదోషము కరుణనుండి పుట్టినను, తొందరనుండి పుట్టినను, ఫలము మాత్ర మొక్కటే.

‘అఁట’ యను శబ్దము

ఇట్టి వికారములు పుట్టు మార్గమును దెలుఁగుభాష స్వయముగానే చూపుచున్నది. తాను జూచినదానికిని, ఒరులవలన వినినదానికిని భేదము చూపుటకై తెలుఁగునకు ‘అఁట’ యను నవ్యయము కలదు. ‘రాజు వచ్చెను’ అనువాఁడు చూచినవాఁడు. ‘రాజు వచ్చె నఁట’ యనువాఁడు వినినవాఁడు. ఇంగ్లీషువంటి భాషలయందుఁ బెద్ద యుపవాక్యముచేఁ జెప్పవలసిన బాధ్యతను దెలుఁగువాఁడు రెండక్షరములలోఁ జెప్పుకొనుచున్నాఁడు. పాఠశాలబాలునకుఁ గూడ నీ భేదము పుట్టుకతో వచ్చినది.

సంస్కృతతార్కికు లీ విషయమునే ‘ఐతిహ్యము’ అను పేరఁ జర్చించిరి. మొదటి వక్త యెవ్వఁడో నిర్దేశింపఁబడక, ఇట్లఁట యని పరంపరగా వచ్చు మాట ఐతిహ్యము. ఈ మఱ్ఱియందు యక్షుఁ డున్నాఁ డని జనులు చెప్పుకొనుట దాని కుదాహరణము. నైయాయికులు దీనిని వేఱు ప్రమాణముగా నంగీకరింపలేదు. మొదటి వక్త యాప్తుఁడని తెలిసినచో శబ్దప్రమాణమునఁ జేరును, తెలియనిచోఁ బ్రమాణమే కాదు. వార్తాహరుఁడు ‘విశ్వసనీయవర్గములు’ అని వ్రాసినపుడు యక్షుఁడున్న మఱ్ఱినే చూపుచున్నాఁడు.

వార్త మార్గమధ్యమున నెట్లు మాఱునో యొక యుదాహరణమువలనఁ దెలియును. ‘నటునకు మరణవార్త తెలిపితి మని పోలీసులు చెప్పిరి’ అనునది మొదటి వాక్యము, ఇది నిర్దుష్టము. రెండవ చేతికి వచ్చునప్పటికి ‘నటునకు మరణవార్త తెలిసిన దఁట’ యగును, వక్త జాఱిపోయెను. మూఁడవ చేతికి ‘మరణవార్త తెలిసియు నటుఁడు కదలలేదు’ అగును. ‘అఁట’యు జాఱిపోయెను, నిందయు నిశ్చయమయ్యెను. ఎదుటి పక్షమువారును నిట్లే చేసిరి. ‘నాకెవ్వరును జెప్పలేదని నటుఁడు పలికెను’ అనుదానిని ‘నటునకు మరణవార్త తెలియనేలేదు’ అని మార్చుకొని సంతోషించిరి. అభిమానులును నిందకులును నొక్క వ్యాకరణదోషమునే చేసి, పరస్పరవిరుద్ధములైన సిద్ధాంతములకు వచ్చిరి. శీర్షికలయందు స్థలము చాలదని ‘అని చెప్పిరి’ అను పదములను ముందుగాఁ గోసివేయుట పత్రికలవారి యలవాటు. కోయఁబడిన యా పదములే వాక్యమునకు సత్యత్వ మిచ్చునవి.

శబ్దవివేకము

నేరవిషయమున వాడఁబడు పదములు మెట్లవంటివి; ఒకదాని స్థానమున మఱియొకటి నిలువరాదు. ఫిర్యాదు, ప్రథమసమాచారనివేదిక, నిర్బంధము, రిమాండు, బెయిలు, అభియోగపత్రము, విచారణము, తీర్పు అని వరుస. నిర్బంధింపఁబడినవాఁడు నిందితుఁడే గాని దోషి కాఁడు. బెయిలు పొందినవాఁడు విడుదలయైనవాఁడే గాని నిర్దోషిగాఁ దేలినవాఁడు కాఁడు. ఈ వ్యవహారమున నిర్బంధము జరిగిననాఁడు తీర్పు వచ్చినట్లు కొందఱును, బెయిలు వచ్చిననాఁడు కేసు కొట్టివేయఁబడినట్లు మఱికొందఱును సంబరపడిరి. ఒక్క దినముననే జరిగిన యీ రెండును బొరపాట్లే.

మృతురాలి భర్త యా 13వ తేదీననే, తొక్కిసలాటతో నటునకు సంబంధము లేదనియుఁ, గేసు నుపసంహరించుకొనుటకు సిద్ధముగా నున్నాననియుఁ జెప్పెను. అది దుఃఖితుఁడైన యొక వ్యక్తి యభిప్రాయముగా గౌరవింపఁదగినది. కాని 105వ సెక్షను క్రిందివంటి నేరమునకు వాది ప్రభుత్వము. ఫిర్యాదుదారుఁ డిచ్ఛయించినంతమాత్రమున నది రద్దు కాదు. ఈ భేదమును దెలుపక వ్రాసిన వార్త పాఠకునకు న్యాయవిధానమునే తాఱుమాఱు చేసి చూపును.

‘ముద్దాయి’ యను పదచరిత్ర మీ సందర్భమున స్మరింపఁదగినది. అరబ్బీమూలమున దీని కర్థము వాది, అనఁగా ఫిర్యాదు చేసినవాఁడు. ఉర్దూలో నేఁటికిని నదియే యర్థము. తెలుఁగు కోర్టుభాషలోనికి వచ్చునప్పటికి నది నిందింపఁబడినవానికిఁ బేరైనది. చేతులు మాఱినకొలఁది నిందించినవాఁడును నిందింపఁబడినవాఁడును దాఱుమాఱగుట యొక్క పదమునందే యిట్లు సాధ్యమైనచో, వృత్తాంతమునందు సాధ్యము కాకుండునా?

‘నేర మంగీకరించెను’ అను వాక్యము నట్టిదే. పోలీసు అధికారియెదుటఁ జేయఁబడిన నేరాంగీకారమును నిందితునిపై రుజువుగాఁ జూపరాదని 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము 25వ సెక్షను శాసించెను. 2024 జూలై 1నుండి యమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున నది 23వ సెక్షనుగా నిలిచినది. న్యాయాధిపతి వినరాదని చట్టము నిషేధించిన మాటను బత్రికలు మొదటిపుటలో నచ్చొత్తించుట వింత. విజయవాడలో 2007లో జరిగిన యొక హత్యకై పట్టుపడిన యువకునిఁ బత్రికలు హంతకుఁ డని వర్ణించినవి. క్రింది న్యాయస్థానము 2010లో శిక్ష విధించెను. 2017లో హైదరాబాదు హైకోర్టు నిర్దోషి యని విడుదల చేసి, పరిహారము నిప్పించెను. నడుమ గడచిన యెనిమిదేండ్ల కారాగారవాసమునకు సవరణ వేయఁగల పత్రిక లేదు.

పూర్వనిదర్శనములు

చలనచిత్రలోకమునకును బత్రికలకును సంబంధించిన యభియోగములలో మదరాసునందలి లక్ష్మీకాంతన్ హత్యకేసు ప్రసిద్ధము. నటుల వ్యక్తిగతజీవితములఁగూర్చి యపవాదములు ప్రకటించు పత్రికలు నడపిన లక్ష్మీకాంతన్ 1944 నవంబరులోఁ బొడువఁబడి మరణించెను. నటులు త్యాగరాజ భాగవతారు, ఎన్. ఎస్. కృష్ణన్, పక్షిరాజా స్టూడియో అధిపతి శ్రీరాములు నాయుఁడు అభియుక్తులైరి. 1945లో నాయుఁడు విడువఁబడెను. నటు లిరువురకు ద్వీపాంతరవాసశిక్ష పడెను. ప్రీవీకౌన్సిలు వఱకుఁ బోయిన వ్యాజ్యము మరల విచారణకు వచ్చి, 1947లో వా రిరువురును నిర్దోషులుగా విడుదల చేయఁబడిరి. అపవాదమునే జీవికగాఁ జేసికొన్న పత్రికయు, అపవాదముచేఁ జెడిన నటులును జివరకు మిగిల్చినది సత్యమునఁగూర్చిన సందేహమే. ఆ హత్య యెవ్వరు చేసిరో లోకమునకు నేఁటికిని నిశ్చయముగాఁ దెలియదు.

కవు లీ విషయమును మఱింత లోఁతుగాఁ జూచిరి. మృచ్ఛకటికమున నవమాంకమందలి న్యాయసభ యిందులకుఁ దలమానికము. వసంతసేన చారుదత్తుని యింటికిఁ బోయెనని తల్లి చెప్పినది సత్యము. ఆమె నెక్కించుకొని పోవుచున్నదని చెప్పఁబడిన బండిని జూచితి నని కావలివాఁడు చెప్పినది సత్యము. తోఁటలో స్త్రీకళేబర మున్నదనుట సత్యము. మైత్రేయుని యొడినుండి రాలిన నగలు వసంతసేనవనుట సత్యము. ఇన్ని సత్యములు కలిసి నిర్మించిన సిద్ధాంత మసత్యము. ఏలయన వసంతసేన బ్రతికియున్నది, ఆమె గొంతు నులిమినవాఁడు ఫిర్యాదిగా నిలిచిన శకారుఁడు. వార్తలోని ప్రతివాక్యము నిజమైనను వార్త యబద్ధము కావచ్చునని శూద్రకుఁడు చూపినంత స్పష్టముగా మఱియొకఁడు చూపలేదు. అందువలన ఖండములు సత్యములా యని పరీక్షించుటతో విమర్శకుని పని తీఱదు. వాని నడుమ వేయఁబడిన ముడులను గూడ విప్పి చూడవలెను.

వినాయకచవితినాఁడు ప్రతిగృహమున వినఁబడు శమంతకోపాఖ్యానము రెండవ నిదర్శనము. మణికై ప్రసేనుని శ్రీకృష్ణుఁడే చంపించెనని సత్రాజిత్తు పలికిన మాట పుర మంతయుఁ బ్రాఁకెను. శ్రీకృష్ణుఁడు దానికిఁ బ్రతిప్రకటన చేయక, పౌరులను వెంటఁగొని యడవికిఁ బోయి, ప్రసేనుని కళేబరమును, సింహపు టడుగులను, పిదప భల్లూకపు జాడను వారికిఁ గన్నులారఁ జూపెను. నీలాపనిందకు మందు మాటపైఁ బ్రతిమాట గాదు, జాడ యని యా కథలోని సారము. ఏటేట వినుచున్న యీ కథనుండి పత్రికాలోకము గ్రహింపవలసినది యింతకంటె లేదు.

ఉపసంహారము

వృత్తాంతపరిష్కర్తకుఁ గావలసిన నియమములు నాలుగుగా సంగ్రహింపవచ్చును. ప్రతివాక్యమునకు మొదటి వక్తను నిలుపవలెను. ఆ వక్త యెచ్చట నిలిచి చూచెనో, ఆతని కా విషయమునఁ గల ప్రయోజన మేమో తెలుపవలెను. న్యాయశాస్త్రమునందును వైద్యశాస్త్రమునందును నియతార్థముగల పదమును సామాన్యపదమునకు బదులుగా వాడరాదు. పూర్వము ప్రకటించిన పాఠము తప్పని తేలినపుడు, తప్పు కనఁబడిన చోటనే యంత పెద్దయక్షరములతో సవరింపవలెను. వీనిలో నేదియుఁ గ్రొత్తది కాదు. తాళపత్రములను బరిష్కరించువా రనుదినము పాటించునవియే.

పాఠశాలలయందు దెలుఁగు బోధించు పండితుల కీ విషయమునఁ గొంత కర్తవ్యము కలదు. ప్రత్యక్షకథనమును బరోక్షకథనమునుగా మార్చు నభ్యాసము వ్యాకరణతరగతులలో నెప్పుడును గలదు. దానికై కల్పితవాక్యములకు మాఱుగా నాఁటి వార్తాపత్రికను దెచ్చి, ప్రతివాక్యమును జెప్పినవాఁ డెవ్వఁడు, చూచినవాఁ డెవ్వఁడు, ‘అఁట’ యుండవలసిన చోట నున్నదా యని బాలురచే గుర్తింపించినచో, వ్యాకరణమును లోకజ్ఞానమును నొక్కసారిగా నలవడును. పెద్దవారై వార్తలు వ్రాయువారును, వ్రాసినవానిని నమ్మువారును నా బాలురే గదా.

సంధ్య థియేటరు వ్యవహారమున నిందితుల దోషాదోషములను న్యాయస్థానము సాక్ష్యములను బట్టి నిర్ణయించును. ఆ నిర్ణయము వచ్చువఱకు నే పాఠమును సిద్ధాంతపాఠము గాదు. నటుని కీర్తికిని బ్రభుత్వపు గౌరవమునకును వాదించువారు పెక్కు రున్నారు. సినిమా చూడఁబోయి మరల నింటికి రాని యొక తల్లికిని, నెలలతరబడి యాసుపత్రిలోఁ బడియున్న యామె కుమారునకును మాత్రము వాదించునట్టి పక్ష మొక్కటే కలదు. అది సరియైన పాఠము. దానిని గాపాడుట పండితులకుఁ దగిన పని యని విజ్ఞులు గ్రహింతురు గాక.